కాళ్లు చల్లబడ్డ పెళ్లికొడుకు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మేముండే ఇంట్లో కింద వాటా సన్యాసిరావు మేష్టారిది. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వాళ్లావిడ పైడితల్లి గారు ఆయనకి అంతకంటే ఎక్కువ ఏళ్లుగా తెలుగు చెబుతున్నారు, ఆవిడ ఇంకా రిటైర్ కాలేదు. నిన్న సాయంత్రం మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వినబడింది.

"శ్రీకాకుళం ఫోన్ చేశావేటి?"

"చేశాను. పాపం, పెళ్లికొడుకు తల్లి ఒకటే ఏడుపు. కొడుక్కి అలా ఉందని నేను చెబితేగానీ తెలీలేదట."

"ఎలా ఉందని చెప్పావే?"

"పొద్దున్న మీరే కదండీ మా తమ్ముడితో అన్నారు, అబ్బాయికి కోల్డ్ ఫీట్ అని. కోల్డంటే చల్లన, ఫీటంటే పాదాలు. ఆమాత్రం రాదేటి నాకు? మీవాడికి కాళ్లు చల్లబడ్డాయటమ్మా, ఒకసారి చెయ్యేసి చూసుకోండి అన్నాను."

"ఓరి నాయనో! అది కాళ్లు చల్లబడటం కాదే. తీరా దగ్గరికొచ్చాక ధైర్యం చాలక వెనక్కి తగ్గడం!"

"మా తాతకి కాళ్లు చల్లబడ్డాక పూట దాటలేదు."

"అది తెలుగు!"

"చలికి తెలుగూ ఇంగ్లీషూ ఉంటాయేటి?"

"దాన్ని ఇడియమ్ అంటారే. మాటకి మాట అర్థం తీయకూడదు. కిక్ ద బకెట్ అంటే బకెట్ తన్నడమా? చచ్చిపోవడం! 1785లో లండన్‌లో అచ్చేసిన వీధిమాటల డిక్షనరీలోనే ఉంది."

"బాల్చీ తన్నేశాడని మన కుళాయి దగ్గర రోజూ అనుకుంటారు. దానికి లండన్ ఎందుకు?"

"అది ఇంగ్లీషులోంచి వచ్చిందే!"

"బాల్చీ వచ్చినప్పుడు కాళ్లు రావేటి?"

"సరే, క్యాట్స్ అండ్ డాగ్స్ వాన అంటారు. అంటే కుంభవృష్టి. పైనుంచి పిల్లులూ కుక్కలూ పడతాయా, చెప్పు!"

"కుంభవృష్టికి కుండలు పడతాయేటండీ?"

మేష్టారు కాసేపు మాట్లాడలేదు. నేనూ చిక్కుడుకాయ ఒలవడం ఆపేశాను.

"ఇంకేం చెప్పావు వాళ్లకి?"

"వామూ కర్పూరం వేసి నూనె కాచి అరికాళ్లకి రాయమన్నాను. తండ్రొక కాలు, మేనమామొక కాలు పట్టుకున్నారట. ఆదివారం అరసవల్లి తీసుకెళ్తామని మొక్కేసుకున్నారు కూడా."

"రామ రామ! మరి ఆ కుర్రాడు?"

"నాకేం కాలేదు మొర్రో అంటున్నాడట. అలాగే అంటారు, వదలకండి అన్నాను."

"పరువు తీశావు కదే!"

"మీకూ వచ్చాయి కదా అవి, మన పెళ్లికి ముందురోజు. పెద్దచెరువు గట్టు మీద దొరికారు."

"గాలి కోసం వెళ్లాను."

"అవును, సంచీ సర్దుకుని మరీ వెళ్లారు గాలి కోసం."

ఇంతలో ఫోన్ మోగింది. ఆవిడ "ఊఁ, ఊఁ, ఎర్రబడ్డాయా? మంచిది" అని పెట్టేశారు.

"ఎవరే?"

"పెళ్లికొడుకే. జబ్బు లేదండీ, పెళ్లంటే కొంచెం టెన్షన్ పడ్డాను అంతే అన్నాడు. సిరిమాను జాతర వెళ్లాక తాంబూలాలకి వస్తాడట. ముందు వాళ్ల మావయ్యని కాలు వదలమని చెప్పమన్నాడు."

"చూశావా! నేను చెప్పిందే. భయం!"

"నూనెకి తగ్గింది."

"నూనెకి భయం ఎలా తగ్గుతుందే?"

"ఎలా తగ్గితే మీకెందుకు, పిల్ల పెళ్లి నిలబడింది కదా. మళ్లీ చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడ్డారా? రండి, ఇలా కూర్చోండి. కాలు చాపండి."

"నాకేం చల్లబడలేదు."

"అందరూ అలాగే అంటారు."

గిన్నె చప్పుడైంది. వాము వాసన మెట్ల మీదికి వచ్చింది. చాలాసేపు కింద మాటల్లేవు. ఆ తర్వాత మేష్టారి గొంతు, బాగా తగ్గించి:

"ఎడంది కూడా."