మామగారికి లైబ్రరీ చూపించాను

మా మామగారు ముప్ఫై నాలుగేళ్లు శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యారు. మందు వాసన తగిలితే కుర్చీ మార్చుకునే మనిషి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటికొచ్చిన ఆయన్ని యోహానిస్‌బర్గ్ కోటకు తీసుకెళ్లాలనిపించింది. నిజం చెప్పాలంటే, నాకు వెళ్లాలని ఉంది.

"ఏముంది బాబూ అక్కడ?" అన్నారు.

"రైన్ నది, కొండమీద కోట, ద్రాక్షతోట, కోట కింద పాత లైబ్రరీ" అన్నాను.

అబద్ధం ఒక్కటీ లేదు. 1720లో ఆ కొండకు రీస్లింగ్ ద్రాక్ష నాటారనీ, ఇప్పటికీ దాంతో వైన్ చేస్తున్నారనీ, లాటిన్‌లో 'భూగర్భ గ్రంథాలయం' అని పేరున్న చోట దాచింది సీసాలేననీ మాత్రం చెప్పలేదు. ఆయన జేబులో నోటుబుక్కు, ఎర్రసిరా పెన్ను పెట్టుకున్నారు. అప్పుడైనా చెప్పాల్సింది.

సెల్లార్‌లోకి దిగాం. కొవ్వొత్తుల వెలుగు, వరసగా చెక్క పీపాలు, గోడల నిండా నల్లటి బూజు. ఒకచోట ఇనుప ఊచల వెనక అరల్లో దుమ్ముకొట్టుకున్న సీసాలు. "బిబ్లియోథెకా" అంది గైడ్. మామగారు కళ్లజోడు సర్దుకుని, ఊచలకు ముఖం ఆనించి, పై అర నుంచి కింది అర దాకా చూశారు. తర్వాత నన్ను చూశారు. పెళ్లిచూపుల్లో కూడా అలా చూడలేదు.

"1748 నాటి వైన్ కూడా ఉంది" అంది గైడ్.

"ఇష్యూ చేస్తారా?" అన్నారాయన ఇంగ్లీషులో.

చెయ్యరట. "మంచివన్నీ రెఫరెన్సులోనే పెడతారు" అని నోటుబుక్కు మూసేశారు.

పైన ఆవరణలో గుర్రపు రౌతు విగ్రహం ఉంది. 1775లో కోత మొదలుపెట్టడానికి ఫుల్డా బిషప్పుగారి అనుమతి తేవాల్సినవాడు రెండు వారాలు ఆలస్యంగా వచ్చాడట. ఈలోగా కాయలకు బూజు పట్టింది. సరేలెమ్మని పిండితే అమృతంలా కుదిరిందంటారు. దాన్నే 'స్పేట్‌లేసే', అంటే ఆలస్యపు కోత, అంటున్నారు.

"పద్నాలుగు రోజులు లేటు! ఫైన్ ఎంత వేశారు?"

"వెయ్యలేదండీ. విగ్రహం పెట్టారు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

రుచి చూసే బల్ల దగ్గర ఆయన ముందు మంచినీళ్లు, నా ముందు వరసగా గ్లాసులు. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు ఫోన్ చేశారు.

"లైబ్రరీ బావుందా?"

"బ్రహ్మాండం. నన్ను ఒక్కటీ ముట్టుకోనివ్వలేదు. అల్లుడుగారు మాత్రం ఇప్పటికి మూడు పూర్తిచేశారు."