డాప్లర్ స్కాన్ మెసేజ్‌కి నా జవాబు

"గర్భిణులారా జాగ్రత్త!" అని మొదలయ్యే ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. చుట్టాల గ్రూపులో, స్కూలు ఫ్రెండ్స్ గ్రూపులో, నిన్న మా పిన్ని నుంచి కూడా. డాప్లర్ అంటే నాళాల్లో రక్తం ఎలా పోతోందో చూపే స్కాన్. మెసేజ్‌లో ఉన్నది ఇది: డాప్లర్ రేడియేషన్ బిడ్డకి హాని, తెర మీద నీలం కనబడితే చెడు రక్తం, గుండె వేగం 140 దాటితే ఆడపిల్ల, గర్భసంచికి రక్తం సరిగా అందట్లేదని ఆస్పిరిన్ రాస్తే వేసుకోకుండా బీట్‌రూట్, దానిమ్మ రసం తాగాలి, అసలు ఈ స్కాన్లన్నీ డబ్బు కోసమే. రోజూ స్కాన్ గదిలో ఉండేదాన్ని, ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

నీలం అంటే ప్రోబ్ (పొట్ట మీద పెట్టే పరికరం) నుంచి దూరంగా పోతున్న రక్తం, ఎరుపు అంటే దాని వైపు వస్తున్నది. ప్రోబ్ వంచితే అదే నాళం రంగు మారుతుంది. 140 లెక్క ఒట్టి అబద్ధం.

ఇది ఎక్స్‌రే కాదు, శబ్ద తరంగాలు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మామూలు స్కాన్ కంటే డాప్లర్ ఒకేచోట ఎక్కువ శక్తిని పెడుతుంది, ఆ చోటు కాస్త వేడెక్కవచ్చు. అందుకే మొదటి 10 వారాల్లో బిడ్డ మీద దాన్ని ఊరికే వాడకూడదు. గుండె చప్పుడు వినిపించమని రెండో నెలలోనే అడిగేవాళ్లకి నేను గుండె కొట్టుకోవడం తెర మీద చూపిస్తాను, చప్పుడుకి డాప్లర్ కావాలి కాబట్టి అది మాత్రం పెట్టను.

అసలు ప్రమాదం ఆస్పిరిన్ మాటలో ఉంది. మాయ (ప్లాసెంటా) కణాలు తల్లి గర్భసంచిలోని సన్నని ధమనుల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేయాలి. అది సరిగా జరిగితే గుండె కొట్టుకునే మధ్యలో కూడా రక్తం ధారాళంగా పోతుంది, తెర మీద రక్తం వేగాన్ని చూపే అల నెమ్మదిగా దిగుతుంది. జరగకపోతే అల సూదిలా లేచి ఒక్కసారిగా పడుతుంది, పక్కనే చిన్న గుంట కనిపిస్తుంది. మూడో నెల స్కాన్‌లో గర్భసంచికి రక్తం తెచ్చే కుడి, ఎడమ ధమనులు రెండూ కొలిచి, దానికి తల్లి బీపీ, పాత కాన్పుల సంగతి, రక్తపరీక్షలు కలిపి చూస్తారు. 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో ఇలా ముప్పు ఎక్కువని తేలిన తల్లులకి 36 వారాల దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వచ్చేంత బీపీ జబ్బు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4.3 శాతం మందికి వస్తే వీళ్లలో 1.6 శాతం మందికే వచ్చింది. ఈ మాత్ర 16 వారాల లోపు మొదలుపెట్టాలి. మెసేజ్ నమ్మి రెండు నెలలు రసాలు తాగుతూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది, మళ్లీ రాదు. తర్వాత బీపీ పెరిగి గుర్రపువాతం (మూర్ఛలు) వస్తే ఆ మెసేజ్ పంపినవాళ్లు ఆస్పత్రికి వస్తారా? బీట్‌రూట్ తినండి, మంచిదే. మాత్ర బదులు మాత్రం కాదు. ఆస్పిరిన్ అందరికీ పడదన్నదీ నిజమే, అల్సర్, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. ఆపాలో వద్దో రాసిన డాక్టరే చెప్పాలి.

ఇక డబ్బు. ఇందులో ఆ మెసేజ్‌ది కొంత రైటే. ఏ ఇబ్బందీ లేని తల్లికి నెలనెలా డాప్లర్ చేస్తే మేలని ఎక్కడా రుజువు కాలేదు. ఎందుకు రాశారని అడగండి, అడిగే హక్కు మీకుంది. కానీ బీపీ ఉన్నా, బిడ్డ ఎదుగుదల తగ్గినా బొడ్డుతాడు డాప్లర్ మానొద్దు. అలాంటి కాన్పుల్లో దానివల్ల బిడ్డల మరణాలు తగ్గాయని పరిశోధనల్లో తేలింది.