డెంగీ వైరస్ గారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి

మహారాజశ్రీ డెంగీ వైరస్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలమంతా మీ వైపే ఉంది. మా పీజీలో మూడో అంతస్తు మొత్తం పడకేసింది.

మీ గురించి చదివాక కోపం కన్నా కుళ్లే ఎక్కువైంది. ఒళ్లు చూస్తే 50 నానోమీటర్లు. కోడ్ అంతా కలిపితే దాదాపు 10,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. మా ఆఫీసులో లాగిన్ పేజీకే అంతకన్నా ఎక్కువ రాశాం, అదీ సోమవారం పనిచెయ్యదు. మీరు మాత్రం ఒకే పొడవాటి ప్రొటీన్ తీయించి, దాన్ని పది ముక్కలు చేయించి, కాపురం పెట్టేస్తారు.

అందులో మీ కష్టం ఎంత? ప్రొటీన్ తయారుచేసే రైబోజోములు మావి. కప్పుకునే కొవ్వు పొర మాది. కోతల్లో కొన్ని మీ సొంత కత్తెర ఎన్‌ఎస్3 చేసినా మిగతావి మా ఎంజైములే చేస్తాయి. మీరు బయటికెళ్లే ముందు చివరి కోత కోసి, ఇంకో కణంలో దూరే యోగ్యత ఇచ్చే ఫ్యూరిన్ అనే ఎంజైము కూడా మాదే. లోపలికి రావడమూ అంతే. మా కణాలే మిమ్మల్ని పొర సంచిలో పెట్టి తీసుకెళ్తాయి. సంచిలో ఆమ్లం పెరగగానే, అప్పటిదాకా జంటలుగా బుద్ధిగా పడుకున్న మీ 180 పైతొడుగు (ఎన్వలప్) ప్రొటీన్లు ముగ్గురేసి లేచి నిలబడి గోడకు కన్నం వేస్తాయి. ఆ పడుకున్న భంగిమని 2002లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ కూన్, మైకేల్ రాస్‌మన్ బృందం బయటపెట్టింది. చూడ్డానికి ఎంత సాధువులో!

మీ వాహనమైన దోమకీ మేమే వసతి చూశాం. 2024 ఎండాకాలం బోర్లెండి ట్యాంకర్ల కోసం కొట్టుకున్నాక, ఇక్కడ డ్రమ్ము ఖాళీగా ఉంచే ధైర్యం ఎవరికీ లేదు. అదే ఏడు సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం మిమ్మల్ని ఎపిడెమిక్‌గా ప్రకటించి, దోమల్ని పెంచే ఇంటికి నగరంలో 400 రూపాయల జరిమానా అంది. మా నెల్లూరు ఓనరు లెక్కలేసి, "ట్యాంకర్ కన్నా చవకే కదమ్మా" అన్నాడు.

మా వైద్యం సంగతీ వినండి. ఊళ్లోంచి అమ్మ గంటగంటకీ ప్లేట్‌లెట్ల స్కోరు అడుగుతుంది, బొప్పాయాకు రసం తాగమంటుంది. జ్వరం తగ్గే వేళకే రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారే ప్రమాదం అసలు మొదలవుతుందని ఆవిడకి తెలీదు. మా మేనేజరుకీ తెలీదు. "టెంపరేచర్ నార్మల్ కదా, కాల్‌లో జాయినవ్వు" అంటాడు.

ఒక్క మనవి. మీరు నలుగురు అన్నదమ్ములు, అంటే నాలుగు రకాలు. ఒకరి మీద మేం తయారుచేసుకున్న యాంటీబాడీలు, రెండోవారొచ్చినప్పుడు ఆపలేక ఊరికే అతుక్కుని, వాళ్లని సరాసరి మా తెల్లరక్తకణాల్లోకే చేర్చవచ్చట. కిందటేడు మీలో ఒకరు నా దగ్గరికొచ్చి వెళ్లారు. ఆ వచ్చిందెవరో మాత్రం, డెంగీ ఉందో లేదో చూసే ల్యాబువాళ్ల ఎన్‌ఎస్1 కిట్ చెప్పలేదు. ఈసారి వచ్చేది ఆయనేనా, తమ్ముడా? ముందే కబురు పెడితే సెలవు ఎన్నిరోజులు పెట్టాలో చూసుకుంటాను.

ఇట్లు,
మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం