గడువుల గారడీ

వాతావరణ మార్పును అడ్డుకుంటామంటూ గడువులు ప్రకటించడంలో నగరాలు ఆరితేరిపోయాయి. 2030కల్లా ఇది, 2050కల్లా అది సాధిస్తామంటూ మేయర్లు వేదికలెక్కి ప్రతిజ్ఞలు చేస్తారు. లెక్క చెప్పాల్సిన రోజు వచ్చేసరికి వారిలో ఒక్కరూ పదవిలో ఉండరు. ఆ రోజు నిజంగానే దగ్గరపడితే ఏమవుతుందో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ చూపించింది. 2025 నాటికి ప్రపంచంలోనే తొలి కర్బన తటస్థ (గాలిలోకి వదిలే కర్బనానికి సమానంగా తొలగించే లేదా భర్తీ చేసే) రాజధాని అవుతానని 2012లో ప్రణాళిక ఆమోదించుకున్న ఆ నగరం, 2022 ఆగస్టులో చేతులెత్తేసింది. చెత్తను కాల్చి విద్యుత్తు, వేడి ఉత్పత్తి చేసే కేంద్రంలో బొగ్గుపులుసు వాయువును ఒడిసిపట్టే పథకానికి జాతీయ నిధి దక్కకపోవడమే కారణమన్నారు. ఇంకా కట్టనే కట్టని యంత్రం మీద ఆఖరి భారమంతా వేసిందెవరు?

కోపెన్‌హాగెన్ ఉద్గారాలను గణనీయంగానే తగ్గించిందని, పెద్ద నిధులూ పన్నుల అధికారమూ జాతీయ ప్రభుత్వాల గుప్పిట్లోనే ఉన్నాయని దాన్ని వెనకేసుకొచ్చేవారి మాటలో నిజం లేకపోలేదు. గడువు పెట్టిన రోజునా అవి అక్కడే ఉన్నాయి. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇక్కడ పడిన ఒరవడి. అంత శ్రద్ధగా పనిచేసిన నగరం గడువు తప్పినా అడిగే నాథుడు లేనప్పుడు, వేలు కదపని నగరాలకు అంతకంటే మంచి సాకు ఏం దొరుకుతుంది?

సాకులు వెతుక్కునేవారికి కొదవా లేదు. 2018 డిసెంబరులో వాతావరణ అత్యవసర పరిస్థితి ప్రకటించిన లండన్, 2025 ఏప్రిల్‌లో థేమ్స్ నది కింద వాహనాల కోసం కొత్త సొరంగాన్ని ప్రారంభించింది. ఇల్లు కాలుతోందని కేకపెట్టి, ఆ చేత్తోనే కట్టెలు పేర్చినట్లుంది. న్యూయార్క్ నడిబొడ్డుకు వచ్చే కార్లపై 15 డాలర్ల రుసుమును, అమలుకు కొద్ది వారాల ముందు, 2024 జూన్‌లో రాష్ట్ర గవర్నర్ నిలిపేశారు. 2025 జనవరిలో అది 9 డాలర్లకు కుదించుకుని వచ్చింది. స్టాక్‌హోమ్ 2006లో ఇలాంటి రుసుమునే ఏడు నెలలు అమలు చేసి చూపి, ఆ తర్వాత జనాన్ని ఓటు అడిగి, 2007లో శాశ్వతం చేసింది. చేయదలచుకున్నవారికి 2050 దాకా ఎదురుచూసే పనిలేదు.

వాయిదా మూల్యం ఎవరు చెల్లిస్తారో 2021 సెప్టెంబరు 1 రాత్రి తేలిపోయింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 80 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ నగర కాల్వలు గంటకు సుమారు 45 మిల్లీమీటర్ల లెక్కన కట్టినవి. వీధి మట్టానికి దిగువన, చాలావరకు అనుమతులు లేని అద్దె గదుల్లో, మెట్ల మీదుగా దూకిన నీరు తలుపులకు అవతల నిలిచిపోయింది. అంత బరువును తోసుకుని తలుపు తెరవడం మనిషి తరం కాదు. అలాంటి గదుల్లోనే 11 మంది చనిపోయారు. 2050కల్లా కర్బన తటస్థం అవుతామని వారి నగరం అప్పటికే ప్రకటించి ఉంది.

ప్రతి ప్రతిజ్ఞ పక్కనా ఈ ఏటి బడ్జెట్ పద్దు ఉండాలి; గడువు, ప్రకటించినవారి పదవీకాలం లోపలే పడాలి. వాయిదా వేస్తే ఎందుకో, ఎవరి నిర్ణయమో పౌరుల ముందు నిలబడి చెప్పాలి. వచ్చే సదస్సుకు విమానం ఎక్కబోయే మేయర్లు, కిందటి వానాకాలం తర్వాత ఎన్ని కాల్వలు వెడల్పు చేశారో చెప్పి ఎక్కితే బాగుంటుంది.