ఆర్కెస్ట్రా ఊరిది అని నమ్మిన కండక్టర్: మారిన్ ఆల్సప్ అసలు పని స్టేజీ మీద కాదు

మారిన్ ఆల్సప్ గురించి ఎక్కడ చదివినా మొదటి లైన్ ఒకటే, అమెరికాలో ఒక పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాకి, అంటే పదుల మంది కలిసి పాశ్చాత్య సంగీతం వాయించే బృందానికి, మ్యూజిక్ డైరెక్టర్ (ముందు నిలబడి అందర్నీ నడిపించే ముఖ్య కండక్టర్) అయిన మొదటి మహిళ అని. నిజమే, చిన్న విషయమేం కాదు, కానీ అక్కడే ఆగిపోతే ఆవిడ చేసిన అసలు పని కనపడకుండా పోతుంది అంటాను నేను. 2007 నుంచి 2021 దాకా 14 ఏళ్లు అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో బాల్టిమోర్ సింఫనీ ఆర్కెస్ట్రాని నడిపిన మనిషి ఆ ఊరికి ఇచ్చి వెళ్లిన వాటిలో అన్నిటికన్నా పెద్దది ఏ బీతోవెన్ కచేరీయో కాదు, వెస్ట్ బాల్టిమోర్‌లో ఒక ప్రభుత్వ బడిలో 30 మంది పిల్లలతో మొదలుపెట్టిన మ్యూజిక్ క్లాసు.

కెరీర్ సంగతి చాలామందికి తెలిసిందే, గబగబా చెప్పేస్తా. న్యూయార్క్‌లో పుట్టింది, అమ్మానాన్న ఇద్దరూ ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లే. తొమ్మిదేళ్లప్పుడు పేరుమోసిన అమెరికన్ కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టీన్ కచేరీకి నాన్న తీసుకెళ్తే నేనూ ఇదే అవుతా అని అక్కడే ఫిక్స్ అయిపోయింది. వయొలిన్ టీచర్‌కి చెబితే ఆడపిల్లలు ఆ పని చెయ్యరు అన్నారట, నాన్న మాత్రం ఒక పెట్టె నిండా బాటన్లు, అదే కండక్టర్ చేతిలో ఉండే సన్నటి పుల్లలు, తెచ్చి చేతిలో పెట్టాడు. పిలిచి అవకాశం ఇచ్చేవాళ్లు లేక 1984లో తనే కాన్‌కార్డియా అని ఒక ఆర్కెస్ట్రా పెట్టుకుంది, తర్వాత బెర్న్‌స్టీన్ దగ్గరే నేర్చుకుంది, కొలరాడో, ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్, అలా ఒక్కో మెట్టూ ఎక్కింది. 2005లో బాల్టిమోర్ ఆవిడ పేరు ప్రకటించబోతుంటే అక్కడి వాయిద్యకారుల్లో దాదాపు 90 శాతం మంది ఇంకొన్నాళ్లు వెతకండి అన్నారు. వేరే ఎవరైనా అయితే ఆ అవమానానికి వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాళ్లు. ఆవిడ వాళ్లతోనే నేరుగా కూర్చుని మాట్లాడింది, తర్వాతే సరే అంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఇది తెలియకపోతే ఆవిడ ఏం చేసిందో పూర్తిగా అర్థం కాదు. బాల్టిమోర్ సింఫనీ 1916లో పుట్టినప్పుడు అది నగర ప్రభుత్వంలో ఒక భాగం. ఊరి పార్కుల్లాగా, కుళాయి నీళ్లలాగా మున్సిపాలిటీ డబ్బుతో నడిచిన సంగీతం అది. 1942లో ప్రైవేటు సంస్థ అయింది, మెల్లమెల్లగా టికెట్ కొనగలిగినవాళ్లదైంది. ఊళ్లో 60 శాతం పైన నల్లజాతి జనం, హాల్లో చూస్తే సీట్లలోనూ స్టేజీ మీదా వాళ్లు బాగా తక్కువ. ఆల్సప్ వచ్చిన మొదటి సీజన్‌లోనే ఒక బ్యాంకు గ్రాంటు సాయంతో సీజన్ టికెట్లు కచేరీకి 25 డాలర్ల రేటుకి దించారు. మంచిదే, కానీ టికెట్ తగ్గించినంత మాత్రాన ఎప్పుడూ ఆ గుమ్మం తొక్కని ఇంట్లోంచి మనుషులు వచ్చేస్తారా? రారు, ఆ సంగతి ఆవిడకి తెలుసు.

అందుకే 2005లో తనకొచ్చిన మెకార్థర్ ఫెలోషిప్ 5 లక్షల డాలర్లలోంచి లక్ష డాలర్లు తీసి 2008లో ఆర్క్‌కిడ్స్ మొదలుపెట్టింది, మొదట్లో చెప్పిన ఆ మ్యూజిక్ క్లాసు పేరే ఇది. వెనిజులాలో హోసె ఆంటోనియో అబ్రెయు 1975లో మొదలుపెట్టిన ఎల్ సిస్టెమా, అదే పేద పిల్లలకి ఫ్రీగా ఆర్కెస్ట్రా సంగీతం నేర్పే కార్యక్రమం, దీనికి స్ఫూర్తి. హారియెట్ టబ్‌మన్ ఎలిమెంటరీ స్కూల్లో 30 మందితో మొదలైంది, తర్వాత ఇంకా స్కూళ్లు చేరి పిల్లల సంఖ్య వెయ్యి దాటింది. పద్ధతి చూడండి ఎంత సింపులో. బడి గంట కొట్టాక పిల్లలు అక్కడే ఉంటారు, తినడానికి పెడతారు, చదువులో సాయం చేస్తారు, వాయిద్యం ఫ్రీగా ఇస్తారు. ఇది ఏడాదికోసారి వచ్చి ఫొటో దిగి వెళ్లే కార్యక్రమం కాదు, వారమంతా నడిచే పని. చిన్నపిల్లలైతే ప్లాస్టిక్ బకెట్ బోర్లించి దాని మీద కర్రలతో తాళం వేస్తారు, వయొలిన్ కంటే ముందు తాళం వంటికి పట్టాలి కదా మరి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది వేరే ఉంది. ఆర్కెస్ట్రాలో వాయించే పిల్లాడు ఎక్కువసేపు చేసే పని ఏంటో తెలుసా, ఊరుకోవడం. పదహారు బార్లు (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది) బో, అదే వయొలిన్ కమాను, పైకెత్తి పట్టుకుని, ఒకటి రెండు మూడు అని లోపల లెక్కపెట్టుకుంటూ, పక్కవాళ్ల పాట వింటూ, సరిగ్గా పదిహేడో బార్‌లో అందరితో కలిసి ఎత్తుకోవాలి. ఒక్క క్షణం ముందెత్తుకుంటే అందరికీ వినిపిస్తుంది, అసలు ఎత్తుకోకపోతే ఆ చోటు ఖాళీగా వినిపిస్తుంది. నువ్వు లేకపోతే లోటు అని ఎనిమిదేళ్ల పిల్లకి రోజూ తెలిసేలా చేసే క్లాసు ఇంకేదైనా ఉంటే చెప్పండి. లెక్కల క్లాసులో ఒకడు రాకపోతే పాఠం ఆగదు, ఇక్కడ ఆగుతుంది.

2015 ఏప్రిల్‌లో పోలీస్ కస్టడీలో గాయపడ్డ ఫ్రెడ్డీ గ్రే అనే నల్లజాతి యువకుడు చనిపోయి ఊరు భగ్గుమన్నప్పుడు, 29న ఓరియోల్స్ బేస్‌బాల్ మ్యాచ్‌ని ఒక్క ప్రేక్షకుడు లేకుండా ఖాళీ స్టేడియంలో ఆడించారు. అదే రోజు మధ్యాహ్నం బాల్టిమోర్ సింఫనీ తన హాలు బయటకొచ్చి వీధిపక్కన ఫ్రీగా వాయించింది, జనం వచ్చారు. ఏడేళ్లుగా ఆ బళ్లలో తిరుగుతున్న ఆర్కెస్ట్రా కాబట్టే ఆ రోజు బయటకి రావడానికి దానికి అర్హత ఉందని నేను నమ్ముతాను.

అటువైపు వాదన కూడా ఉంది. కండక్టర్ పని సంగీతం, సమాజసేవ కాదు, ముందు వాయించేవాళ్ల జీతాలు చూసుకోండి అంటారు. 2019లో మేనేజ్‌మెంట్ వాయిద్యకారుల్ని లాకౌట్ చేసింది, డబ్బు లోటని చెప్పి జీతం వచ్చే 52 వారాల సీజన్‌ని 40కి కోసేస్తామంది, ఆ బాధ నిజం. కానీ ఆ లోటు బడిపిల్లల వల్ల వచ్చింది కాదు, డబ్బున్న కొద్దిమంది మీదే ఆధారపడ్డ పద్ధతి వల్ల వచ్చింది. వినేవాళ్లని తయారుచేసుకోని ఆర్కెస్ట్రాకి 52 వారాలిచ్చినా 40 ఇచ్చినా ముందు ముందు హాల్లో కూర్చునేదెవరు?

ఆవిడ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిందెవరో చూడండి. జొనాథన్ హేవర్డ్, చార్లెస్టన్ కుర్రాడు, నల్లజాతి తండ్రి కొడుకు, పదేళ్లప్పుడు చెల్లో (వయొలిన్ జాతిదే, కూర్చుని వాయించే పెద్ద వాయిద్యం) పట్టుకుని పబ్లిక్ స్కూళ్లలోనే సంగీతం నేర్చుకున్నవాడు. ఆర్క్‌కిడ్స్ పిల్లాడు కాదు, కానీ బడిలో చెల్లో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

ఇప్పుడు మన సంగతికొస్తా, ఇది నన్ను ఎన్నాళ్ల నుంచో తొలిచేస్తున్న విషయం. వయొలిన్ అనేది మనకి కొత్తదేం కాదు. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల పెట్టారు, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. సముద్రాలు దాటొచ్చిన వాయిద్యాన్ని మన తెలుగు నేల మీద అంత గొప్పగా పలికించిన మనం, ఇవాళ ఒక ప్రభుత్వ హైస్కూల్ పిల్ల చేతిలో దాన్ని పెట్టలేకపోతున్నాం. అమెరికా వెళ్లిన మనవాళ్ల పిల్లలు స్కూల్ ఆర్కెస్ట్రాలో వాయిస్తే వీడియోలు వాట్సాప్‌లో పంపుకుని మురిసిపోతాం, ఇక్కడేమో కార్పొరేట్ బడి టైంటేబుల్‌లో పాటకి పీరియడ్ లేకపోయినా ఒక్కరం అడగం. నేను చదివిన బడిలో ఒక హార్మోనియం ఉండేది, బీరువా మీద, గుడ్డ కప్పి, నేను ఆరో తరగతిలో చేరిన రోజు నుంచి పదో తరగతి అయ్యి బయటకొచ్చే దాకా దాన్ని కిందకి దించడం నేను చూడలేదు, ఎందుకంటే వాయించే మాస్టారి పోస్టు ఖాళీ.

అడిగితే బడ్జెట్ లేదంటారు. కానీ 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే రాసి ఉంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది కన్నా ఎక్కువ పిల్లలున్న బడికి ఆర్ట్ ఎడ్యుకేషన్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని. సంగీతాన్ని అందులోకి తీసుకురావడానికి కొత్త జీవో అక్కర్లేదు. మీ ఊరి బడిలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టినప్పుడు వెళ్లి, మా బడిలో ఆ ఇన్‌స్ట్రక్టర్ ఎవరు, వారానికి ఎన్ని గంటలొస్తారు అని అడగండి. పేరు చెప్పలేకపోతే, ఆ ఖాళీ ఎప్పటి నుంచి ఉందో మినిట్స్‌లో రాయించి రండి.