ఒత్తులు తిన్న ఎలుక

మైదా జిగురులో మైలుతుత్తం వెయ్యకపోవడం దగ్గర మొదలైంది ఇదంతా. గోడలకు పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా చిటికెడు కలుపుతారు. నేను కలపలేదు. పిల్లలు వేలితో తడిమే అట్టలాయె. ఆ వేలు తర్వాత ఎక్కడికి పోతుందో ఒకటో తరగతి చెప్పే ఏ టీచర్నడిగినా చెబుతుంది.

తెల్లవారితే మండలంలో టీఎల్ఎం మేళా. అంటే చదవడం, రాయడం నేర్పడానికి మేం సొంతంగా తయారుచేసిన సామగ్రిని బల్లల మీద పరిచి, ఒకరివి ఒకరు చూసుకుని, ‘మన బడికి ఇది పనికిరాదులే’ అనుకుని ఇంటికొచ్చే పండగ. నాకు మాత్రం ఈసారి నిజంగానే చూపించాలని ఉండింది.

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న బొమ్మల చార్టుతో రెండేళ్లు వేగాను మరి. దాంట్లో ఏ అంటే ఏనుగు. ఐ అంటే ఐరావతం. పిల్లలకు రెండూ ఏనుగులే, రెండోది సున్నం కొట్టిన ఏనుగు. ఋ దగ్గర ఋషి బొమ్మ చూపిస్తే ‘సాయిబాబా’ అంటారు. ఔ దగ్గర సీసా బొమ్మ పెట్టి ఔషధం అని రాశారు. మా బుడ్డోడు దాన్ని చూసి, అక్షరం వంక కన్నెత్తి చూడకుండా, ‘మందు! మా నాయనది!’ అని అరిచాడు. తరగతంతా చప్పట్లు. చార్టు చూసి వాళ్లు చదివేది బొమ్మను, అక్షరాన్ని కాదని నాకు ఆ రోజు అర్థమైంది.

ఈ బుడ్డోడి గురించి కాస్త చెప్పాలి. రెండో తరగతి. రొయ్యల గుంటల మీద తిరిగే ఏ బండి ఎవరిదో శబ్దాన్ని బట్టి చెప్పేస్తాడు. ద, ధ మాత్రం వాడికి ఒకటే. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం ప్రకారం 2026–27 కల్లా మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం వచ్చి తీరాలి. ఆ లెక్కలో మా బుడ్డోడూ ఉన్నాడు. అదే నా టెన్షన్.

అందుకని బొమ్మలు లేని అక్షరాలు చేద్దామనుకున్నా. అట్ట మీద చింతగింజలు వరసగా అంటిస్తే అక్షరం ఉబ్బెత్తుగా వస్తుంది. రాసే దారిలోనే వేలు నడిపిస్తే చేతికి గుర్తుండిపోతుంది. పూర్వం ఇసుకలో దిద్దించింది ఇందుకేగా! ఒత్తక్షరాల దగ్గర నాకింకో ఆలోచన వచ్చింది. ధ కింద గీత, ఠ పొట్టలో చుక్క కొట్టొచ్చినట్టు కనపడాలని అక్కడ చింతగింజ బదులు వేయించిన వేరుశనగ గింజ పెట్టాను. ఛ, ఢ, ధ, ఫ, భలకు ఒక్కొక్కటి, ఠకు ఒకటి, థకు చుక్కకొకటి గీతకొకటి. ఏడు అట్టలు, ఎనిమిది గింజలు. ఖ, ఘ, ఝల ఆకారాలే వేరు గనక వాటికి అక్కరలేకపోయింది.

అత్తమ్మ మంచినీళ్లకు లేచి చూసింది.

“చట్నీకని ఏయించి పెట్టిన చెనక్కాయ ఇత్తనాలు అట్టలకు అంటిస్తుండావా? ఎలికలొచ్చి తింటాయి, చూస్తుండు.”

ఎనిమిదే కదత్తమ్మా అన్నాను. అట్టల్ని బియ్యం బస్తా మీద ఆరబెట్టి పడుకున్నాను.

పొద్దున అట్టలన్నీ సంచిలో కుక్కి, బడి దగ్గర బుడ్డోణ్ణి ఎక్కించుకుని షేర్ ఆటోలో బయల్దేరా. మేళాలో పిల్లవాడి చేత చదివించి చూపించాలి కదా, ధ రానివాడు ధ చదివితేనే చూసేవాళ్లకు నమ్మకం. నేను మధ్య సీట్లో ఇరుక్కున్నా. వాడు సంచి ఒళ్లో పెట్టుకుని వెనక చెక్క మీద కూర్చున్నాడు. డ్రైవర్ ముందున్న అద్దంలో చూస్తే వాడి పెదాలు కదులుతున్నాయి. అక్షరాలు వల్లె వేసుకుంటున్నాడని మురిసిపోయాను.

మేళాలో ఎమ్‌ఈవో సారు (మండల విద్యాధికారి), పక్కనే తెలుగు పండితులు ఒకాయన మా బల్ల దగ్గరికొచ్చారు. నేను సంచిలో చెయ్యి పెట్టి, వాళ్లను చూస్తూనే అట్ట తీసి బుడ్డోడి ముందుంచా. వాడు వేలితో దిద్దాడు.

“ద.”

“సరిగ్గా తడిమి చూడు నాయనా.”

మళ్లీ దిద్దాడు. “ద, టీచర్.”

ఇంకోటి తీశా. “ఇది కూడా ద.” ఇంకోటి. “ద.” పండితులుగారు కళ్లజోడు సవరించుకున్నారు. పోనీ మాట చదివిద్దామని ప పక్కన దీర్ఘం, తర్వాత ఠ, సున్న పెట్టాను. వాడు ఒక్కో అట్టా తడిమి, గట్టిగా, తడబడకుండా చదివాడు: “పారం.”

అప్పుడు వంగి చూశాను. ఠ పొట్ట ఖాళీ. నిక్షేపంలాంటి ర అది. ధ కింద గీత లేదు, ఎండిన మైదా మరక ఉంది. నా సంచిలో ద లు మూడున్నాయి. రెండేళ్లుగా ఒక్క అక్షరం సరిగ్గా చెప్పనివాడు ఆ రోజు ఒక్కటీ తప్పు చెప్పలేదు. తప్పంటున్నది నేను.

“రాత్రి ఎలుక కొట్టేసింది సార్,” అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

పండితులుగారు పెద్దగా నవ్వారు. “తెలుగుకు అక్షరాలు 36 అని లెక్క తేల్చాడమ్మా చిన్నయసూరి. ఈ ఒత్తక్షరాలు ఆ లెక్కలో లేవు, సంస్కృతానివి. మీ ఇంటి ఎలుక బాలవ్యాకరణం చదివినట్టుంది.”

ఎమ్‌ఈవో సారు గంభీరంగా తలూపి, “ఏమైనా బోదన బాగుంది,” అనేసి పక్క బల్లకు వెళ్లారు. మొదటి బహుమతి ఆ పక్క బల్లకే, మార్కాపురం పలకల మీద గుణింతాలు రాసి తోరణం కట్టినవాళ్లకు పోయింది. బాగానే ఉందిలెండి, కాకపోతే తోరణాన్ని పిల్లలు ఎక్కి చదవాలి.

తిరుగు ఆటోలో బుడ్డోడు నా పక్కనే కూర్చున్నాడు. ఇంటికెళ్లగానే బోను పెట్టాలి అని నాలో నేను గొణుక్కుంటుంటే అడిగాడు:

“ఎలిక్కా టీచర్?”

“ఆ, ఎలుకకే. గింజలన్నీ తినేసింది కదా.”

వాడు కాసేపు రొయ్యల గుంటల వైపు చూశాడు. నాకు వాడి పెదాలు గుర్తొచ్చాయి. అద్దం గుర్తొచ్చింది.

“అబ్బయా,” అన్నాను మెల్లగా, “ఏ ఏ అక్షరాల మీదివిరా?”

వాడు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “ఛ. ఢ. ధ. ఫ. ఠ పొట్టలోది. థకి రెండుండాయి, రెండూ.” ఒక్కో ఒత్తూ బొడ్డు దగ్గర్నుంచి వచ్చింది. డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు.

“ఇంకోటి?”

వాడు మొహం అదోలా పెట్టాడు.

“భ మీదది పుచ్చు టీచర్.”