సైకిలు చేతికిచ్చాక రోడ్డెవరు నేర్పాలి?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు హైస్కూలుకు రాగానే ఒడిశా ప్రభుత్వ పథకం కింద సైకిలు అందుకుంటారు. తొక్కడం వాళ్ళకు అప్పటికే వచ్చి ఉంటుంది. అన్నయ్య వెనక సీటు పట్టుకుని పరుగెత్తితే నాలుగు రోజుల్లో వచ్చే విద్య అది. లారీలు, ఆటోలు, పశువులు కలిసి నడిచే రోడ్డు మీద తొక్కడం మాత్రం వేరే విద్య. దాన్ని నేర్పే బాధ్యత ఇంటివాళ్ళు బడి మీద, బడి ఇంటివాళ్ళ మీద వదిలేస్తున్నారు. మోటారు బండికి లైసెన్సు పరీక్ష అయినా ఉంది. సైకిలుకు అదీ లేదు కనుక, ఈ పని ఊరి యువజన సంఘాలే ఎత్తుకోవాలి.

అలాంటి సంఘాలు ఎక్కడైనా ముందుకు వచ్చినా శిక్షణ బడి మైదానంలో ముగ్గు గీతల మధ్యే ఆగిపోతే ప్రయోజనం తక్కువ. ఇంగ్లండులో 2007లో ప్రారంభమైన బైకబిలిటీ శిక్షణలో మైదానం మొదటి మెట్టు మాత్రమే. రెండోది రద్దీ లేని వీధి, మూడోది రద్దీ రోడ్డు. ఆ మూడు మెట్లూ మనకూ కావాలి, కానీ పాఠాలు మన రోడ్లవి కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది వెనక్కి చూడటం. కుడివైపు తిరగబోయే కుర్రాడు ముందు భుజం మీదుగా వెనక్కి చూడాలి, తర్వాత చేయి చాపాలి, దారి ఉంటేనే తిరగాలి. చెప్పడానికి సులువే గాని, తల తిప్పగానే హ్యాండిలు కూడా అటే తిరుగుతుంది. ఒంటిచేత్తో తొక్కడం అలవాటు లేనివాడికి చేయి చాపమని చెప్పడమంటే పడిపొమ్మని చెప్పడమే. కాబట్టి చేతి సైగకు ముందు, గీత దాటకుండా తొక్కుతూనే, వెనకనున్నవారు ఎన్ని వేళ్ళు చూపిస్తున్నారో చెప్పగలిగేదాకా సాధన చేయించాలి. హెల్మెట్లు పంచి ఫొటో దిగడం దీనికంటే తేలిక; హెల్మెట్టు మంచిదే, కాని అది పడ్డాక కాపాడేది.

రెండో పాఠం రోడ్డంచు. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసినప్పుడు సైకిలు నడిరోడ్డులోకి రాక తప్పదు. అక్కడికి వచ్చాక ఉలిక్కిపడి పక్కకు జరగడం కంటే, ముందే వెనక్కి చూసుకుని నిదానంగా జరగడం క్షేమం. కొండ దిగేటప్పుడు లెక్క మరీ కఠినం: వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది, తడిసిన రిమ్ము మీద బ్రేకు రబ్బర్లు వెంటనే పట్టవు. అందుకే వాలు మొదలవకముందే వేగం తగ్గించుకోవాలి.

నేర్పేవాళ్ళ కోసం వెతకనక్కర్లేదు. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమం సైకిలును చదువులో భాగం చేసినప్పుడు, వేల మంది గ్రామీణ మహిళలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఇక్కడ సైకిలు షాపు మేస్త్రీ బ్రేకు బిగించడం, గాలి చూడటం నేర్పగలడు. సరిహద్దు దాటి వచ్చే లారీ డ్రైవరు ఒక ఆదివారం బండి ఆపి, పిల్లలను ఒక్కొక్కరిగా తన సీట్లో కూర్చోబెడితే చాలు; ఎడమ తలుపు పక్కనే సైకిలుతో నిలబడ్డ స్నేహితుడు అక్కడి నుంచి ఎందుకు కనిపించడో వాళ్ళే చూస్తారు.